ఊటీ కొండ రైలు: మెట్టుపాళయం–కూనూరు ఆవిరి బండికి ఫోటోలు ఎక్కడి నుంచి తీయాలి, ఎక్కడికి వెళ్లకూడదు?

బెజవాడ బండి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. జనవరి మూడో వారంలో విజయవాడ నుంచి 14 మందిమి ఊటీ వెళ్తున్నాం. అరవై అయిదు దాటిన పెద్దవాళ్లు ముగ్గురు, పదేళ్ల లోపు పిల్లలు నలుగురు ఉన్నారు. మిగిలిన ఏడుగురిలో అయిదుగురం రైళ్లంటే ప్రాణం పెట్టేవాళ్లం. మూడు కెమెరాలు, ఒక సౌండ్ రికార్డర్ తెస్తున్నాం. నీలగిరి మౌంటెన్ రైల్వే గురించి బాగా తెలిసినవాళ్లు ఈ సందేహాలు తీర్చగలరా?

మెట్టుపాళయంలో ఉదయం 7:10కి కదిలే కొండ బండి అందుకోవడానికి ఏ దారి నమ్మకమైనది? సగం మంది రైల్లో, సగం మంది కారులో వెళ్లి, రోడ్డు మీద నుంచి బండిని వెంబడిస్తూ వీడియో తీయడం కుదురుతుందా? హిల్‌గ్రోవ్ దాటాక వంతెన మీద బండి వచ్చే వీడియోలు చాలా చూశాం, వాళ్లంతా పట్టాల వెంబడి నడిచి వెళ్లినట్టే ఉంది. బండి గంటకు 13 కిలోమీటర్లే కదా, జాగ్రత్తగా ఉంటే మనమూ అలా నడవచ్చా? ఇంజన్‌కి ఎంత దగ్గరగా నిలబడవచ్చు? చివరిగా, చిన్న డ్రోన్ ఒకటి ఉంది, తేవచ్చా?

లైన్ క్లియర్:

పట్టాల వెంబడి నడక సంగతి ముందు చెప్తాను, మిగతావన్నీ దాని తర్వాతే. వద్దండి. చట్టం ఒక్కటే కారణం కాదు. మైదానంలో రైలు గురించి మన చెవికీ కంటికీ ఉన్న అలవాటు ఈ లైన్లో మనల్ని మోసం చేస్తుంది.

మెట్టుపాళయం నుంచి కూనూరు ఎక్కేటప్పుడు ఇంజన్ బండికి ముందు ఉండదు, వెనక నుంచి నెడుతుంది. మీ వైపు ముందుగా వచ్చేది పెట్టె. ఇంజన్ చప్పుడు పెట్టెల అవతల నుంచి వస్తుంది, పైగా మలుపుల్లో కొండకు తగిలి ఎటు నుంచి వస్తోందో తేల్చుకోలేం. "చప్పుడు ఇంకా దూరంగానే ఉంది" అనుకునేసరికి ముందు పెట్టె మలుపు తిరిగి ఎదురుగా ఉంటుంది. డ్రైవర్‌కి ముందున్న దారి కనపడదు. ముందు పెట్టె వసారాలో నిలబడే బ్రేక్స్‌మ్యాన్ జెండా చూపితేనే వెనకున్న డ్రైవర్ ఆపుతాడు. అంటే మిమ్మల్ని ఒకరు చూసి, ఆ సంగతి ఇంకొకరికి చేరాకే బ్రేకు పడుతుంది.

దిగే బండిది ఇంకో రకం ప్రమాదం. అప్పుడు ఇంజన్ ముందే ఉంటుంది గానీ, లాగే పని లేదు కాబట్టి ఛుక్ ఛుక్ ఉండదు. సిలిండర్లలో గాలిని అణచి దాన్నే బ్రేకుగా వాడుతూ దిగుతుంది. ఎక్కే బండిలా దూరం నుంచే గర్జించదు.

ఇక వాలు. కల్లార్ నుంచి కూనూరు వరకు పళ్ల పట్టా (ఇంజన్ కింది పళ్ల చక్రం పట్టుకుని ఎక్కే కడ్డీ) ఉన్న భాగంలో 12.28 అడుగులు ముందుకు వెళ్తే ఒక అడుగు ఎక్కుతుంది. అంటే వంద మీటర్లకు ఎనిమిది మీటర్ల పైచిలుకు. రెండు పట్టాల మధ్య అబ్ట్ అనే పద్ధతిలో పళ్ల కడ్డీలు రెండు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదాని సందు వచ్చేలా వాటిని బిగిస్తారు. ఇవి పట్టాల కంటే ఎత్తుగా ఉంటాయి, పైగా గ్రీజు పూత. నడిచేవాడి కాలు తట్టుకునేది వీటికే. స్లీపర్ల (పట్టాల కింది అడ్డ దిమ్మెల) మీద అడుగులు కూడా మన నడకకు తగ్గట్టు పడవు. వంతెనల మీద స్లీపర్ల మధ్య నుంచి కింద లోయ కనపడుతుంది, పక్కన నడకదారి ఉండదు. సొరంగాల్లో పెట్టెకూ రాతిగోడకూ మధ్య మనిషి ఒదిగే చోటు ఉందని నమ్ముకోవద్దు. ఈ లైన్లో 16 సొరంగాలు, 250 వంతెనలు, 208 మలుపులు ఉన్నాయి. కల్లార్–కూనూరు మధ్య ఏ మలుపులో బండి ఎదురైనా, పక్కకు దూకడానికి ఒకవైపు కొండ, ఇంకోవైపు లోయ.

గంటకు 13 కిలోమీటర్లు అంటే సెకనుకు 3.6 మీటర్లు. మలుపు దగ్గర 25 మీటర్లు కనపడితే మీకు మిగిలేది ఏడు సెకన్లు. నూనె పూసిన ఇనుము మీద, బ్యాగు భుజాన వేసుకుని, ట్రైపాడ్ ఎత్తుకుని, ఏడు సెకన్లలో ఎక్కడికి వెళ్తారు?

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. రైల్వే చట్టం 1989, 147వ సెక్షన్ కింద పట్టాల మీదకు అనుమతి లేకుండా వెళ్తే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మెట్ల మీద, పైకప్పు మీద, ఇంజన్ మీద ప్రయాణిస్తే 156వ సెక్షన్, మూడు నెలల దాకా జైలు లేదా 500 దాకా జరిమానా. ఆ వీడియోలు చూసి వెళ్లేవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పరు, అదే బాధ.

మీటర్‌గేజ్:

లైన్ క్లియర్ గారు చెప్పినదాంట్లో ప్రతి మాటా నిజం. ఇంజన్ దగ్గర జాగ్రత్తల గురించి నేను చెప్తాను. మీరు అధికారికంగా దానికి దగ్గరయ్యేది మెట్టుపాళయం, హిల్‌గ్రోవ్, కూనూరు ప్లాట్‌ఫారాల మీదే.

ఈ లైన్లో నడిచే ఎక్స్ క్లాస్ ఆవిరి ఇంజన్‌కి నాలుగు సిలిండర్లు. కింద ఉన్న రెండు అధిక పీడనానివి, అవి మామూలు చక్రాలను తిప్పుతాయి. వాటిలో పని చేసి బయటికి వచ్చిన ఆవిరే పైనున్న రెండు అల్ప పీడన సిలిండర్లలోకి వెళ్లి పళ్ల చక్రాలను తిప్పుతుంది. కాబట్టి పక్క నుంచి చూస్తే రెండు అంతస్తుల యంత్రం కదులుతున్నట్టుంటుంది. ఈ అందాన్ని తీయాలంటే ఇంజన్‌కి తిన్నగా పక్కన, కొంచెం దూరంగా ఉండాలి. ముక్కు దగ్గరకు వెళ్లి తీసిన ఫోటోలో ఇది కనపడదు.

బాయిలర్ పీడనం చదరపు సెంటీమీటరుకు 14 కిలోలు. ఆ పీడనంలో ఆవిరి వేడి 190 డిగ్రీలు దాటి ఉంటుంది. గొట్టం నోటి దగ్గర ఆవిరి కంటికి కనపడదు. తెల్లగా పొగలా కనపడేది అప్పటికే చల్లబడి నీటి తుంపరగా మారినది. అంటే తెల్ల మేఘానికీ గొట్టానికీ మధ్య ఖాళీగా కనపడే జానెడు చోటే అన్నిటికంటే ప్రమాదం. పిల్లలకు ఈ ఒక్క సంగతి ముందుగా బొమ్మ గీసి చూపించండి, గుర్తుంటుంది.

ఆవిరి ఎప్పుడు చిమ్ముతుందో తెలిస్తే భయపడాల్సిన పని లేదు. ఆగిన బండి బయలుదేరేటప్పుడు సిలిండర్లలో ఆవిరి చల్లబడి నీరు చేరి ఉంటుంది. నీరు నొక్కితే నలగదు. ముషలకం (పిస్టన్) వచ్చి కొడితే సిలిండర్ మూతే పగులుతుంది. అందుకే డ్రైవర్ మొదటి కొన్ని చుట్లు సిలిండర్ కాక్స్ (ఆ నీరు బయటికి పోయే చిన్న కుళాయిలు) తెరిచి నడుపుతాడు. అప్పుడు మోకాలి ఎత్తున, పక్కకు, పెద్ద శబ్దంతో వేడి నీరూ ఆవిరీ కలిసి వస్తాయి. మనవాళ్లంతా సరిగ్గా ఆ క్షణానికే సెల్ఫీ కోసం సిలిండర్ పక్కన చేరతారు. కూత వినపడిన వెంటనే ఇంజన్ నుంచి కనీసం అయిదు మీటర్లు వెనక్కి రండి. ఇంకోటి ఇంజెక్టర్. బాయిలర్‌లోకి నీరు పంపేటప్పుడు క్యాబ్ కింద సన్నటి గొట్టం నుంచి మరిగే నీరు కారుతుంది, ముందస్తు హెచ్చరిక ఉండదు. సేఫ్టీ వాల్వ్ పేలినట్టు తెరుచుకున్నప్పుడు ఆవిరి పైకే వెళ్తుంది, ప్రమాదం లేదు. కానీ ఉలిక్కిపడి వెనక్కి అడుగేసి ప్లాట్‌ఫారం అంచు నుంచి జారకుండా చూసుకోవాలి. పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

కాలితే చల్లటి కుళాయి నీటి కింద పూర్తి ఇరవై నిమిషాలు. ఐసు, టూత్‌పేస్టు, సిరా ఏదీ వద్దు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయాలి. కంట్లో నలక పడితే నలపకుండా నీటితో కడగాలి. ఇప్పుడు నడిచే ఇంజన్లలో చాలావాటిలో మంట ఆయిల్‌తోనే. 2011 నుంచి తిరుచ్చి పొన్మలై వర్క్‌షాప్ కొత్తగా కట్టిన నాలుగూ అలాంటివే. తర్వాత బొగ్గు ఇంజన్ కూడా అక్కడే తయారైంది. ఆయిల్ అయినా మసి తప్పదు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు ఆ రోజుకి కళ్లజోడు వాడండి. సింథటిక్ దుస్తుల కంటే నూలు బట్టలు మేలు.

కెమెరా విషయం: బండి నెమ్మది కాబట్టి షట్టర్ వేగం 1/250 చాలు. చక్రాలు తిరుగుతున్నట్టు మసకగా రావాలంటే 1/30 నుంచి 1/60 మధ్య పెట్టి బండితో పాటు కెమెరా తిప్పండి. ఫ్లాష్ మాత్రం వద్దు. బ్రేక్స్‌మ్యాన్, డ్రైవర్ ఒకరి సంజ్ఞలు ఒకరు చూసుకుంటూ పని చేస్తారు, సొరంగం చీకటిలో కళ్లు చెదిరితే ఆ లంకె తెగుతుంది. సౌండ్ రికార్డర్‌కి గాలి హోరు ఆపే బొచ్చు తొడుగు తప్పనిసరి. కూత దగ్గరగా వస్తే మీటరు చివరికి కొట్టేస్తుంది కాబట్టి మామూలు చప్పుడు మైనస్ ఇరవై డెసిబెల్స్ దగ్గర ఉండేలా పెట్టుకోండి. మంచి రికార్డింగ్ కావాలంటే ఇంజన్‌కి దగ్గరున్న ఆఖరి పెట్టెలో సీటు తీసుకోండి. అక్కడ కూర్చున్నవాళ్లకి చూపు తగ్గుతుంది, చెవికి పండగ.

కొండగాలి:

ప్రయాణం ఇలా పెట్టుకోండి. విజయవాడ నుంచి పగటి బండిలో చెన్నై చేరండి, సెంట్రల్‌లో రాత్రి తొమ్మిది దాటాక నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. అది తెల్లవారి ఆరు దాటాక మెట్టుపాళయం చేరుతుంది. కొండ బండి టైం దానికి కలిసేలానే ఉంటుంది. గుంటూరు మీదుగా వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్‌లో నేరుగా కోయంబత్తూరు వెళ్లాలనుకునేవాళ్లు గుర్తుంచుకోండి, ఆ ఉదయం 7:10 బండి అందదు, ఒక రాత్రి మెట్టుపాళయంలో ఉండాలి. ముసలివాళ్లు ఉన్నారు కాబట్టి ఆ రాత్రి బస నాకైతే మంచిదనే అనిపిస్తుంది.

టికెట్లు అరవై రోజుల ముందు తెరుచుకుంటాయి. పద్నాలుగు సీట్లు ఒకేసారి దొరకడం కష్టం, ఒక టికెట్‌కి ఆరుగురే. మూడు టికెట్లుగా చేయండి. ప్రతి టికెట్‌లో కనీసం ఇద్దరు పెద్దలు ఉండేలా కలపండి. ఎందుకంటే పాత పెట్టెల్లో ఒక కంపార్ట్‌మెంట్ నుంచి ఇంకోదానికి లోపలి దారి లేదు. బండి కదిలాక పిల్లలు ఒకచోట, తల్లిదండ్రులు ఒకచోట ఉంటే హిల్‌గ్రోవ్ వరకు అంతే. పెట్టెల్లో మరుగుదొడ్డి కూడా లేదు. మెట్టుపాళయంలో ఎక్కే ముందే పిల్లలను, పెద్దలను పంపండి. 10:30కి కూనూరు చేరే దాకా నమ్ముకోదగ్గ ఆగుడు హిల్‌గ్రోవే.

ఎక్కేటప్పుడు కూనూరు దాకా ఎడమ వైపు లోయ చూపు ఎక్కువ. కిటికీ బయటకు తల, చేయి, సెల్ఫీ కర్ర పెట్టనివ్వకండి. సొరంగం గోడ కిటికీకి ఎంత దగ్గరగా వస్తుందో మొదటి సొరంగంలో చూస్తే మీకే అర్థమవుతుంది. బ్రేక్స్‌మెన్ తమిళంలో "ఉళ్ళే" అని అరిస్తే "లోపలికి" అని. ఆ మాట పిల్లలకు నేర్పండి.

హిల్‌గ్రోవ్‌లో నీరు పట్టడానికి బండి ఆగుతుంది. టీ దొరుకుతుంది, కోతులు కూడా ఉంటాయి. చేతిలో తినేది కనపడితే లాక్కుంటాయి, చేతి సంచీ కూడా వదలవు. వాటికి ఏమీ పెట్టకండి, పళ్లు చూపిస్తే కళ్లలోకి చూడకుండా పక్కకు తప్పుకోండి. ప్లాస్టిక్ సీసాలు నీలగిరి జిల్లాలో నిషేధం. స్టీలు సీసాలు తెచ్చుకోండి, ప్లాస్టిక్‌వి చెక్‌పోస్టులో తీసేసుకుంటారు.

మెట్టుపాళయం దాదాపు 330 మీటర్ల ఎత్తు, ఊటీ 2200 దగ్గర. జనవరి ఉదయాల్లో ఊటీలో మంచు గడ్డకట్టే రోజులూ ఉంటాయి. కింద చెమట పట్టిందని స్వెటర్లు పెద్ద సూట్‌కేసులో పెట్టేయకండి, ఒళ్లో సంచీలో ఉంచండి.

నెల బాగానే ఎంచుకున్నారు. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా ఈశాన్య రుతుపవనాల వర్షాలకు కల్లార్–కూనూరు మధ్య కొండచరియలు పడి రోజుల తరబడి బండి ఆగుతుంది. జనవరిలో ఆ గొడవ తక్కువ. అయినా ముందు రోజు రైల్వే విచారణ నంబరు 139కి ఫోన్ చేసి కనుక్కోండి. రైల్వేనే రద్దు చేస్తే ఆన్‌లైన్ టికెట్ డబ్బు పూర్తిగా వెనక్కి వస్తుంది. మెట్టుపాళయం బస్టాండు నుంచి ఊటీకి బస్సులు ఉన్నాయి.

కారు వాళ్లకి: బయటి వాహనాలకు నీలగిరి ఈ–పాస్ (జిల్లాలోకి రావడానికి ఆన్‌లైన్ అనుమతి) 2024 మే 7 నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశంతో మొదలైంది. బయలుదేరే ముందు ఆన్‌లైన్‌లో తీసుకుని ఫోన్‌లో దాచుకోండి.

బ్రేక్‌వ్యాన్:

రోడ్డు మీద వెంబడించడం గురించి ఎవరూ సరిగా చెప్పలేదు. మైదానంలో రైలుతో పోటీపడి తర్వాతి గేటు దగ్గరికి ముందు చేరాలని తొందరపడతాం. ఇక్కడ ఆ తొందర అర్థం లేనిది. బండి కూనూరు చేరడానికి మూడు గంటల ఇరవై నిమిషాలు తీసుకుంటుంది. కారు అందులో సగం కూడా తీసుకోదు. అంటే మెట్టుపాళయంలో బండి కదలడం చూసి, టిఫిన్ చేసి బయలుదేరినా కూనూరు ప్లాట్‌ఫారం మీద మీరే ముందుంటారు. ఘాట్‌లో హెయిర్‌పిన్ మలుపుల్లో ఓవర్‌టేక్ చేయాల్సిన అవసరం ఏ ఫోటోకీ రాదు.

పైగా రోడ్డూ రైలూ చాలా దూరం లోయకు చెరో పక్కన ఉంటాయి. పెద్ద లెన్సు ఉంటే అవతలి కొండ మీద పొగ తీగలా సాగే బండిని తీయవచ్చు. బండి రాక ముందే విశాలమైన పార్కింగ్ ఉన్న చోట ఆపుకోండి. మలుపు లోపలి అంచున, కాలువ పక్కన ఆపితే కిందకు వచ్చే లారీకి మీరు ఆఖరి క్షణం దాకా కనపడరు. బండి వచ్చినప్పుడు రోడ్డు దాటి అవతలికి పరిగెత్తే వాళ్లకే ఎక్కువ ప్రమాదాలు. కెమెరా పట్టుకున్న మనిషి పక్కన, రోడ్డు వైపే చూస్తూ ఇంకొకరు నిలబడాలి. ఇది తప్పించుకోకండి.

కల్లార్ నుంచి బర్లియార్ వైపు రోడ్డు ఏనుగుల దారి. ఏనుగు కనపడితే కనీసం యాభై మీటర్ల దూరంలో ఆగండి, హారన్ కొట్టకండి, దిగకండి, వెనక్కి వెళ్లే దారి ఖాళీగా ఉంచుకోండి. కల్లార్–హిల్‌గ్రోవ్ మధ్య లైన్ మీదకూ ఏనుగులు వస్తాయి, అప్పుడు బండే ఆగి ఎదురు చూస్తుంది. పట్టాల వెంబడి నడవకూడదనడానికి ఇది ఇంకో కారణం. అది రిజర్వ్ ఫారెస్ట్, రైల్వే వాళ్లే కాక అటవీ శాఖ వాళ్లూ పట్టుకుంటారు.

డ్రోన్ ఇంట్లోనే ఉంచండి. కూనూరు దాటాక వెల్లింగ్టన్ సైనిక కంటోన్మెంట్, ఆ వెంటనే అరువంకాడు కార్డైట్ (మందుగుండు) ఫ్యాక్టరీ, లైన్ పక్కనే. 250 గ్రాముల లోపు డ్రోన్‌కి కూడా అక్కడ మినహాయింపు లేదు. అరువంకాడులో కిటికీ నుంచి ఫ్యాక్టరీ వైపు ఫోన్ కూడా తిప్పకండి.

బెజవాడ బండి:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. నడక ఆలోచన, డ్రోన్ రెండూ తీసేశాం. రెండు చిన్న సందేహాలు మిగిలాయి. ముందు పెట్టె, ఆఖరి పెట్టె ఏది మేలు? కూనూరులో ఇంజన్ మారుతుందని విన్నాం, దాన్ని చూడటానికి సమయం ఉంటుందా?

మీటర్‌గేజ్:

ఫస్ట్ క్లాస్ పైవైపు చివర ఉంటుంది, అంటే ఎక్కేటప్పుడు అదే ముందు. పెద్దవాళ్లను, పిల్లలను అక్కడ కూర్చోబెట్టండి. మసి తక్కువ, చూపు ఎక్కువ. రికార్డింగ్ చేసేవాళ్లు ఇంజన్ వైపు.

కూనూరులో పది నిమిషాలు అటూ ఇటూ. ఆవిరి ఇంజన్ విడిపోయి షెడ్డు వైపు వెళ్తుంది, ఊటీ దాకా డీజిల్. విడిపోయేటప్పుడు ప్లాట్‌ఫారం మధ్యలో నిలబడితే కప్లింగ్ (పెట్టెకు కలిపే కొక్కెం) తీయడం, ఇంజన్ వెనక్కి కదలడం రెండూ కనపడతాయి. పెట్టెకీ ఇంజన్‌కీ మధ్య సందులోకి తొంగి చూడకండి, షంటింగ్‌లో (ఇంజన్, పెట్టెలు అటూ ఇటూ మార్చేటప్పుడు) అవి ఎప్పుడైనా కలుస్తాయి. కూనూరు ఒకప్పుడు లైన్ ఆఖరు, 1908లో ఊటీకి పొడిగించారు. అందుకే అక్కడ బండి కాస్త వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు కదులుతుంది. కంగారుపడి దిగకండి.

లైన్ క్లియర్:

ఒక దిద్దుబాటు. మీ అయిదుగురు రైల్వే ప్రియులూ ఎక్కేటప్పుడు కార్లో ఉండి, వచ్చేటప్పుడు రైలెక్కితే ఇంకా మంచిది. 14:00కి ఊటీలో కదిలే బండి 15:15 ప్రాంతంలో కూనూరులో ఆవిరి ఇంజన్‌తో దిగడం మొదలుపెడుతుంది. ఎక్కేటప్పటి గర్జన రోడ్డు మీద నుంచి వినండి, దిగేటప్పుడు ఇంజన్ వెనక మొదటి పెట్టెలో కూర్చుంటే గాలి బ్రేకు సీత్కారం, పళ్ల చక్రం గరగర రికార్డర్‌లోకి శుభ్రంగా వస్తాయి. ప్రతి పెట్టె వసారాలో ఉన్న బ్రేక్స్‌మ్యాన్ చేతి బ్రేకు తిప్పడం కూడా వినపడుతుంది. ఆ టికెట్లు ముందే బుక్ చేయండి, దిగే బండికి కూడా రద్దీ అంతే ఉంటుంది. మెట్టుపాళయం 17:35, రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్‌కి కావలసినంత సమయం. స్టేషన్ పక్కనే ఉన్న చిన్న మ్యూజియం ఉదయమే చూసేయండి, సాయంత్రం మీరు దిగేసరికి మూసేసి ఉండవచ్చు.